టైర్ల షాపులో పోయిన హబ్ మర, దాన్ని సరిచేసిన వర్క్‌షాప్

ముందు కుడి చక్రానికి నాలుగు బోల్టులు టార్క్ రెంచ్ (కావాల్సినంత బిగింపు రాగానే చప్పుడు చేసే పానా) పెట్టగానే ‘టక్’మన్నాయి. ఐదోది మాత్రం తిరుగుతూనే ఉంది. పావు చుట్టు, అర చుట్టు, ముప్పావు. ఎంత తిప్పినా ఆ ‘టక్’ రావట్లేదు. విప్పి బయటికి తీశాను. బోల్టు మరల మధ్య సన్నటి ఉక్కు తీగ ఒకటి చుట్టుకుని ఉంది. మెరుస్తోంది, గోటితో లాగితే స్ప్రింగులా సాగుతోంది. ముందు అది బోల్టు మరే అనుకున్నాను. తుడిచి చూస్తే బోల్టు మర బాగానే ఉంది. ఊడి వచ్చింది హబ్ లోపలి మర. హబ్ అంటే చక్రాన్ని బిగించే ఉక్కు దిమ్మ.

అంతకు వారం ముందే నాలుగు కొత్త టైర్లు వేయించాను. కొత్త టైర్లు వేశాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బోల్టుల బిగింపు మళ్లీ చూసుకోవాలి, ముఖ్యంగా అల్లాయ్ వీల్స్ అయితే. మా నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటు ఇది. 80 కిలోమీటర్లు తిరిగాక ఆదివారం పొద్దున రెంచ్ పట్టుకుని కూర్చున్నాను కాబట్టి తెలిసింది. లేకపోతే ఎన్నాళ్లు అలాగే తిరిగేదాన్నో, పక్క సీట్లో నాన్నను కూర్చోబెట్టుకుని.

అందుకే ఈ రివ్యూ ఒక షాపు గురించి కాదు, రెండింటి గురించి. మర పోగొట్టిన టైర్ల షాపు ఒకటి, దాన్ని సరిచేసిన చిన్న వర్క్‌షాప్ ఒకటి.

నా కారు చక్రాలు నట్టులతో కాదు, బోల్టులతో బిగుస్తాయి. టయోటా, హోండా, సుజుకి, హ్యుందాయ్ లాంటి కార్లలో హబ్ నుంచి స్టడ్డులు, అంటే మర ఉన్న కడ్డీలు, బయటికి పొడుచుకుని ఉంటాయి. చక్రాన్ని వాటికి తగిలించి నట్టు బిగిస్తారు. మర పాడైతే చాలాసార్లు ఆ ఒక్క స్టడ్డును కొట్టి తీసి కొత్తది వేస్తే సరిపోతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి, బీఎండబ్ల్యూ లాంటి కార్లలో మర హబ్‌లోనే ఉంటుంది, బోల్టు వెళ్లి అందులో బిగుస్తుంది. అక్కడ మర పోతే పోయినట్టు హబ్బే. కాబట్టి ఇలాంటి కారుకు చక్రం బిగించేవాళ్లకు మరింత జాగ్రత్త ఉండాలి.

టైర్ల షాపులో ఏం జరిగిందో నా కళ్లతోనే చూశాను. అద్దాల గదిలో కూర్చోబెట్టారు, బయట పని కనబడుతూనే ఉంది. టైర్లు రిమ్ముకు ఎక్కించడం, బ్యాలెన్సింగ్ చేయడం చాలా బాగా చేశారు, ఆ మాట చెప్పాలి. రిమ్ములకు చిన్న గీత కూడా పడలేదు, హైవే మీద స్టీరింగ్ కొంచెం కూడా వణకలేదు. తేడా అంతా చివర్లో వచ్చింది. చక్రాలు బిగించిన కుర్రాడు బోల్టును గన్ (బోల్టులు బిగించే మెషిన్) సాకెట్‌లో పెట్టి, గన్‌తో సహా రంధ్రం దగ్గరికి తెచ్చి, నేరుగా ట్రిగ్గర్ నొక్కాడు. ఐదు బోల్టులూ అలాగే. ఒక బోల్టు దగ్గర గన్ చప్పుడు మారింది. మామూలుగా ‘టర్ర్’మనేది కీచుమని అరిచింది. కుర్రాడు ఆగలేదు, ఇంకో రెండు క్షణాలు అలాగే నొక్కి పట్టాడు. నేనూ లేవలేదు. ఆ ఒక్క నిమిషం లేచి వెళ్లి అడగనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మా నాన్న చక్రం మార్చినప్పుడల్లా బోల్టును వేళ్లతోనే మొదలుపెడతాడు. కనీసం రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి. మర సరిగ్గా కూర్చుంటే బోల్టు వెన్నలా వెళ్తుంది. ఒంకరగా పడితే అర చుట్టులోనే పట్టేస్తుంది, వెంటనే వేళ్లకు తెలుస్తుంది, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఏ నష్టమూ ఉండదు. గన్‌కు ఆ స్పర్శ లేదు. బోల్టు ఒంకరగా వెళ్తోందో సరిగ్గా వెళ్తోందో దానికి ఒకటే, పాత మరను కోసుకుంటూ తన దారి తాను చేసుకుంటుంది.

ఇక బిగింపు సంగతి. నా కారు మాన్యువల్‌లో చక్రం బోల్టుకు 120 న్యూటన్ మీటర్లు అని ఉంది. అర మీటరు పొడవున్న పానా చివర సుమారు 24 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బలం అది. మామూలు మనిషి చేత్తో హాయిగా బిగించగలిగినంతే. టైర్ల షాపుల్లో వాడే పెద్ద గన్‌లు 500 న్యూటన్ మీటర్లు దాటి కూడా బిగిస్తాయి. గన్‌తో చివరిదాకా కొట్టేశాక పైన టార్క్ రెంచ్ పెట్టి ‘టక్’మనిపించి లాభం లేదు. బోల్టు అప్పటికే రెట్టింపు బిగిసి ఉన్నా రెంచ్ ‘టక్’మనే అంటుంది. నా నాలుగు బోల్టులూ అలా అన్నవే. వాటిని విప్పడానికి పానా మీద కాలు పెట్టి నిలబడాల్సి వచ్చింది.

ఆ రోజే మిగతా మూడు చక్రాలూ చూశాను. వెనక రెండూ అతిగా బిగిసి ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. ముందు ఎడమ చక్రంలో ఒక బోల్టు మాత్రం వచ్చేంతసేపూ కిర్రుమంటూ వచ్చింది. టార్చ్ వేసి చూస్తే రంధ్రం మొదట్లో మర నలిగిపోయి, ఒక పక్కకు వాలి ఉంది.

టైర్ల షాపుకు ఫోన్ చేస్తే మొదట వచ్చిన జవాబు, “మీ హబ్ పాతది మేడమ్, మర ముందే వీక్ అయి ఉంటుంది.” రెండోది, “నాలుగు బోల్టులున్నాయి కదా, నడపొచ్చు.” మూడోది వింటే నిజంగా భయమేసింది. “తీసుకురండి, ఒక సైజు పెద్ద బోల్టు ఎక్కించేద్దాం.” చక్రం బోల్టు అంటే పొడవు, లావు మాత్రమే కాదు. బోల్టు తల కింద చక్రం మీద ఆనే భాగానికి ఒక ఆకారం ఉంటుంది. కొన్ని కార్లకు అది శంఖువులా వాలుగా ఉంటుంది, కొన్నింటికి బంతిలా గుండ్రంగా ఉంటుంది. రిమ్ములో గుంట ఏ ఆకారంలో ఉంటే బోల్టూ అదే ఆకారంలో ఉండాలి. కనబడిన పెద్ద బోల్టు తెచ్చి కొట్టేస్తే అది అంచు మీద ఆనుతుంది, బిగిసినట్టు కనబడుతుంది, నాలుగు రోజులకు వదులవుతుంది. కారు అంగుళం కూడా కదపకుండా ఆ వర్క్‌షాప్‌కు ఫోన్ చేశాను.

ఆ వర్క్‌షాప్ పెద్దదేమీ కాదు. రెండు కార్లు పడతాయి. లోపల ఒక లేత్, ఒక హైడ్రాలిక్ ప్రెస్, గోడ నిండా పనిముట్లు. నడిపేది పెద్దాయన ఒకరు, ఆయన మేనల్లుడు తోడు. కారును టోయింగ్ బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాను. నాలుగు బోల్టులతో నెమ్మదిగా వస్తానంటే మేస్త్రీ గారే వద్దన్నారు. “బండి బరువును మోసేది బోల్టు కాండం కాదమ్మా, బిగింపు. ఐదూ కలిసి చక్రాన్ని హబ్‌కు అదిమి పెడితే ఆ రాపిడి మోస్తుంది. ఒకటి వదులైతే ఆ పక్క కదలిక మొదలవుతుంది, కదలిక మొదలైతే మిగతావీ వదులవుతాయి.”

ఆయన పనిలో నాకు మొదట నచ్చింది, ఏ పనీ మొదలుపెట్టకముందే అన్నీ చూడటం. నాలుగు చక్రాలూ తీయించి, ఒక కొత్త బోల్టు చేతిలో పట్టుకుని, మొత్తం 20 రంధ్రాల్లోనూ దాన్ని వేళ్లతో ఎక్కించి చూశారు. పానా ముట్టుకోలేదు. 18 రంధ్రాల్లో బోల్టు చివరిదాకా నున్నగా వెళ్లింది. తర్వాత నా పాత బోల్టులన్నీ గుడ్డ మీద పరిచి, ఒక్కొక్క దాని మరను కొత్త బోల్టు మరకు ఆనించి వెలుతురుకు పట్టారు. రెండు మరలూ ఒకదానిలో ఒకటి కూర్చుంటే వెలుతురు కనబడదు. కొన్నింటిలో చివరికొచ్చేసరికి సన్నటి గీతలా వెలుతురు వచ్చింది. “ఇవి సాగిపోయాయి. ఒకసారి సాగిన బోల్టును మళ్లీ నమ్మలేం,” అని మొత్తం 20 కొత్తవి వేయమన్నారు. అనవసర ఖర్చు అనిపించలేదు, ఆ వెలుతురు గీత నేనూ చూశాను కాబట్టి.

ఎడమ చక్రం పని పూర్తిగా దగ్గరుండి చూశాను. బోల్టు వెళ్లే దారిలోనే ట్యాప్ (మర కోసే పనిముట్టు) దింపుతారనుకున్నాను, అంటే బయటి నుంచి. ఆయన ఒప్పుకోలేదు. బయటి నుంచి ట్యాప్ పెడితే అది కూడా గన్ చేసిన తప్పుదారిలోనే పోయే ప్రమాదం ఉంది. పాడైంది మొదటి రెండు మూడు చుట్లే, లోపలి వైపు మర ఇంకా చెక్కుచెదరలేదు. కాబట్టి వెనక నుంచి రావాలి.

క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) విప్పి, బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా తీగతో సస్పెన్షన్‌కు కట్టారు. డిస్క్ తీసేశారు. డిస్క్ వెనక ఉండే రేకుకు క్యాలిపర్ కోసం వదిలిన ఖాళీ ఉంటుంది. హబ్‌ను తిప్పి, పాడైన రంధ్రం సరిగ్గా ఆ ఖాళీకి ఎదురుగా వచ్చేలా ఆపారు. తర్వాత డబ్బాలోంచి ఒక చిన్న ముక్క తీశారు. పాత చక్రం బోల్టే అది, తల కోసేసి ఉంది. మర పొడవునా గ్రైండర్‌తో మూడు గాడులు కోసి ఉన్నాయి, ఒక చివర హాక్సా బ్లేడుతో కోసిన అడ్డగీత ఉంది. చక్రం బోల్టు గట్టిపరిచిన ఉక్కు, హబ్ ఉక్కు దానికంటే మెత్తన, అందుకే ఈ ముక్క పని చేస్తుంది. హబ్ వెనక రెండు వేళ్లు దూర్చి, ఆ ముక్కను వెనక నుంచి మంచి మరలో పెట్టి తిప్పారు. వేళ్లతోనే రెండు చుట్లు తిరిగింది. మా నాన్న చేసేదీ ఇదే కదా అనుకున్నాను.

ఇప్పుడు ముందు వైపు నుంచి రంధ్రంలోకి బలమైన స్క్రూడ్రైవర్ పెట్టి, దాని కాడకు స్పానర్ వేసి, విప్పే దిక్కుగా తిప్పడం మొదలుపెట్టారు. ముక్క లోపలి నుంచి బయటికి, మన వైపు వస్తోంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, ఒక చుక్క ఆయిల్. నలిగిన చోటికి రాగానే బరువెక్కింది. ఆయన తొందరపడలేదు. వెనక్కి తిప్పి, గాడిలో చేరిన ఉక్కు పొడిని తుడిచి, మళ్లీ ముందుకు. పక్కకు వాలిన మర లేచి నిలబడుతూ రావడం టార్చ్ వెలుతురులో కనబడింది. మొత్తం పని 20 నిమిషాలు పట్టి ఉంటుంది. చివరికి ముక్క బయటికి వచ్చేసింది. బ్రేక్ క్లీనర్ కొట్టి ఆయిల్ చుక్క కూడా మిగలకుండా తుడిచారు. మరకు ఆయిల్ ఉంటే రాపిడి తగ్గి, అదే 120 కి బోల్టు అవసరానికి మించి సాగుతుందట. తర్వాత కొత్త బోల్టు నా చేతికిచ్చి, “మీరే ఎక్కించండమ్మా,” అన్నారు. వేళ్లతో చివరిదాకా వెళ్లింది. ఎక్కడా పట్టలేదు.

కుడి చక్రం సంగతి వేరు. అక్కడ మరే లేదు, సరిచేయడానికి ఏమీ మిగల్లేదు. లోపల ఉక్కు మర బుష్ వేయించుకోవచ్చు కదా అని నేనే అడిగాను. రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో గట్టి బుష్ బిగిస్తే పని నడుస్తుందని చదివాను. ఆయన కాదనలేదు. సరైన గైడ్ పెట్టి, నిటారుగా డ్రిల్ చేసి బాగా చేసేవాళ్లు ఉన్నారన్నారు. “నా దగ్గర ఆ గైడ్ లేదమ్మా. చేతి డ్రిల్లుతో కొడితే రంధ్రం ఒక్క డిగ్రీ వాలినా బోల్టు తల సరిగ్గా కూర్చోదు. ఇంకెక్కడైనా అయితే చూద్దామనేవాణ్ణి, చక్రం దగ్గర వద్దు.” హబ్ బయటికి తీసి ప్రెస్ మీద నిటారుగా డ్రిల్ చేయొచ్చు, కానీ నా కారులో హబ్ తీస్తే బేరింగ్ విడిపోతుంది, కొత్త బేరింగ్ ఎలాగూ వేయాలి. అంత విప్పాక పాత హబ్‌లో బుష్ వేయడం కంటే కొత్త హబ్ వేయడమే నయం. తనకు చేతకానిది చేతకాదని చెప్పే మనిషి దగ్గర నాకు సగం టెన్షన్ పోయింది.

హబ్ రావడానికి రెండు రోజులు పట్టింది. మొదట తప్పు మోడల్‌ది వచ్చింది, తిప్పి పంపాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ వర్క్‌షాప్ నుంచి ఒక్క ఫోన్ లేదు, నేను చేస్తే ఎత్తలేదు. నాకు అసలు చిరాకు తెప్పించింది అదొక్కటే. పని ఎక్కడిదాకా వచ్చిందో రోజుకు ఒక్క మెసేజ్ పెడితే చాలు.

బేరింగ్ ఎక్కించే రోజు మళ్లీ వెళ్లాను. ఒక చిన్న పని చూసి ముచ్చటేసింది. మేనల్లుడు కొత్త బేరింగ్‌ను డబ్బాలోంచి తీసి, కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి దాని రెండు వైపులా ఆనించాడు. ఒక వైపు జారిపోయింది, ఇంకో వైపు అంటుకుంది. అంటుకున్న వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఏబీఎస్ సెన్సర్ దాన్ని చూసే చదువుతుంది. ఆ వైపు సెన్సర్ దిక్కున లేకుండా తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ అంతా విప్పాలి, విప్పితే ఆ కొత్త బేరింగూ పాడవుతుంది. రెండు వైపులూ చూడటానికి దాదాపు ఒకేలా ఉన్నాయి. క్లిప్పు పెట్టకపోతే నాకు తేడా తెలిసేది కాదు.

ప్రెస్ చేసేటప్పుడు బేరింగ్ బయటి రింగు మీదే బలం పడేలా సరిపోయే గొట్టం పెట్టారు. లోపలి రింగు మీద నొక్కితే ఆ బలమంతా బాల్స్ గుండా పోయి, అవి తిరిగే దారిలో చిన్న చిన్న గుంటలు పడతాయి, కొన్నాళ్లకు హుమ్మని శబ్దం మొదలవుతుంది. హబ్‌ను బేరింగ్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రం లోపలి రింగుకు కింద ఆసరా పెట్టారు. డ్రైవ్ షాఫ్ట్ చివర పెద్ద నట్టు కొత్తదే వేశారు. దాన్ని టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించేదాకా కారును నేల మీదికి దించలేదు. ఆ నట్టు బిగియకుండా బండి బరువు బేరింగ్ మీద పడితే బేరింగ్ పాడవుతుందట. చివర్లో డిస్క్ వేసి, డయల్ గేజ్ (ఊగును కొలిచే ముల్లు మీటరు) పెట్టి తిప్పి చూశారు. ముల్లు 0.05 మిల్లీమీటర్ల లోపే ఊగింది. హబ్ కొంచెం ఒంకరగా ఉన్నా, దాని ముఖం మీద తుప్పు పొర మిగిలినా డిస్క్ ఊగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. అందుకే ఎడమ హబ్ ముఖాన్నీ వైర్ బ్రష్‌తో రుద్దారు.

చక్రాలు బిగించేటప్పుడు ఆ వర్క్‌షాప్‌లో గన్ ఉంది, వాడలేదు. బోల్టులన్నీ చేత్తో మొదలుపెట్టారు. ఒకటి వదిలి ఒకటిగా, నక్షత్రం గీసినట్టు, పానాతో అదిమారు. జాకీ దించాక 120 కి రెంచ్ పెట్టారు. 80 కిలోమీటర్లు తిరిగాక నేను మళ్లీ చూశాను, 20 బోల్టులూ ‘టక్’మన్నాయి.

పాత హబ్‌ను సంచిలో వేసుకుని టైర్ల షాపుకు వెళ్లాను. యజమాని కౌంటర్ మీద దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నాలుగు రంధ్రాల్లో మర కొత్తదానిలా ఉంది, ఐదోది నున్నటి గొట్టంలా ఉంది. పాతబడి పోయిన మర అయితే ఐదూ ఒకేలా ఉండాలి కదా అని అడిగాను. ఆయన వాదించలేదు. హబ్, బేరింగ్ ఖరీదు ఇచ్చాడు, కూలి ఇవ్వలేదు. నేను ఇంకో మాట కూడా అడిగాను, ఆ కుర్రాడి చేతికి టార్క్ రెంచ్ ఇచ్చారా అని. గోడకు ఒకటి వేలాడుతోంది, దుమ్ము పట్టి ఉంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నేను వెళ్లిన రోజు షాపు నిండా కార్లు, బయట ఇంకా లైను ఉంది, నేర్పేవాళ్లు ఎవరూ పక్కన లేరు. తప్పు వాడికి ఆ పని అలా అప్పగించిన వాళ్లది.

టైర్ల షాపుకు ఐదుకు రెండు. ఆ రెండూ బ్యాలెన్సింగ్‌కు, చివరికి డబ్బు ఇచ్చినందుకు. టైర్లకు మళ్లీ వెళ్లాల్సి వస్తే మాత్రం అద్దాల గదిలో కూర్చోను. చక్రం పక్కనే నిలబడి, “మొదటి చుట్లు చేత్తో తిప్పండి, గన్‌తో చివరిదాకా బిగించొద్దు,” అని ముందే చెప్తాను. వర్క్‌షాప్‌కు నాలుగున్నర. ఆ అర మార్కు ఎత్తని ఫోన్‌కు. హబ్, బేరింగ్, స్టడ్డు, మర ఏది పాడైనా కళ్లు మూసుకుని అక్కడికి వెళ్లొచ్చు. కాకపోతే పార్ట్ ఆర్డర్ పెట్టే ముందు కారు నంబర్, మోడల్ మీరే రాసి ఇవ్వండి, రెండు రోజులు మిగులుతాయి.